పదమూడు అంగుళాల పరువు

కారు కొన్నవాడు ఇంజను సంగతి చెప్పడం మానేశాడు. మైలేజీ ఎంతిస్తోందని అడిగితే మనల్ని ఎగాదిగా చూస్తాడు. మా విజయనగరం జిల్లా గరివిడిలో ఇప్పుడు కార్ల లెక్కంతా డ్యాష్‌బోర్డు తెర అంగుళాల్లో నడుస్తోంది. ఒకరిది ఏడు, పాపం, కంపెనీతో వచ్చింది. ఇంకొకరిది తొమ్మిది. అల్లుడుగారి బండికి పది. కాంట్రాక్టరుగారొకరు ఏకంగా పదమూడు పెట్టించారని, అదీ నిలువుగా పెట్టించారని చీపురుపల్లి దాకా కబురు పాకింది. ఆ కారు ముందు సీట్లో కూర్చుంటే రోడ్డు కనిపిస్తోందా అని మాత్రం ఎవరూ అడగలేదు. రోడ్డుదేముంది, రోజూ కనిపించేదే.

తెర చెడ్డదని నేననను. దారి చూపే మ్యాపు, వెనక్కి తీసేటప్పుడు కెమెరా, ఫోను జేబులోంచి తీయకుండా మాట్లాడే వీలు, ఇవన్నీ పనికొచ్చేవే. పాత కారుకి కొత్త తెర పెట్టించుకోవడం నేరమూ కాదు, దుబారా కూడా కాదు. పాత స్టీరియో పీకి ప్లాస్టిక్ సంచిలో పడేసి "ఇది ఇంటికట్టికెళ్లండి సార్" అని చేతికిస్తారే, ఆ సంచితోపాటు కారులోంచి ఇంకా ఏమేం పోయాయో ఎవరూ లెక్క చూసుకోరు. నా తగువంతా అక్కడ.

షాపు విజయనగరంలోనో విశాఖలోనో ఉంటుంది. సీటు కవర్లు, మ్యాట్లు, గాల్లో వేలాడే సెంటు సీసాల నడుమ గోడ నిండా తెరలు వెలుగుతుంటాయి. అన్నిట్లోనూ ఒకటే జలపాతం దూకుతుంటుంది. కుర్రాడు మొదలెడతాడు.

"మావయ్యా, ఇది క్యూఎల్ఈడీ. ఎనిమిది కోర్లు. ఎనిమిది జీబీ ర్యామ్, నూట ఇరవయ్యెనిమిది మెమరీ. యూట్యూబ్ ఆడతాది, సిన్మాలాడతాయి."

"కారాడతాదేటి?"

"అదెందుకాడదు మావయ్యా, మీరు మరీని!"

"మరైతే స్టీరింగు మీద బటన్లున్నాయి కదేటి, అవీ?"

"అవి పన్సెయ్యవు గానీ, రిమోటిస్తాం."

ఆ ఎనిమిది జీబీ సంగతి ముందు చూద్దాం. పేరూ ఊరూ లేని చవక తెరల్లో సెట్టింగుల్లోకి పోతే ఎంత ర్యామ్ కావాలంటే అంత కనబడుతుంది. లోపలున్నది రెండు జీబీలైనా సరే, ఎనిమిదని చూపించేలా సాఫ్ట్‌వేర్లో అంకె మార్చి పంపిస్తారు. ఆండ్రాయిడ్ వెర్షనూ అంతే, పదమూడని పైకి రాసుంటుంది, లోపల పదో తరగతి దాటి ఉండదు. ఎన్నికల అఫిడవిట్లో ఆస్తులు తగ్గుతాయి, ఇక్కడ ర్యామ్ పెరుగుతుంది. రెండిట్లోనూ సంతకం పెట్టినవాడికి ఏమీ కాదు.

ఇక రిమోటు. నాలుగైదు మీటలున్న గుండ్రటి బిళ్ల, లోపల వాచీ బ్యాటరీ. దాన్ని రబ్బరు పట్టీతో స్టీరింగుకి కడతారు. కంపెనీవాడు ఎన్నో చేతుల కొలతలు తీసి, బొటనవేలు ఎక్కడికి చేరుతుందో చూసి, పొందిగ్గా అమర్చిన బటన్లు అక్కడే చచ్చి పడుంటాయి. వాటి పక్కన, పోయినవాడి పీట మీదెక్కి కూర్చున్న దాయాదిలా, ఈ రిమోటు. మలుపు తిప్పినప్పుడు అరచెయ్యి తగిలి ఘంటసాల పోతాడు, డీజే వస్తాడు. "బాగుంది, చూడకుండానే పాట మారుతోంది" అని యజమాని సంబరపడతాడు.

నిజానికి ఆ బటన్లు చావనక్కర్లేదు. చాలా కార్లలో స్టీరింగు మీది మీటలన్నిటికీ కలిపి స్టీరియో దాకా వచ్చేవి రెండు మూడు తీగలే. ఒక్కో మీట వెనకా ఒక్కో విలువ రెసిస్టరు ఉంటుంది. ఏది నొక్కితే ఆ మేరకు తీగ మీద వోల్టేజీ మారుతుంది. ఆ మార్పుని బట్టి సౌండు పెంచమన్నారో ఫోను ఎత్తమన్నారో స్టీరియో పోల్చుకుంటుంది. కొత్త తెర వెనకాల కూడా కీ 1, కీ 2 అని రాసిన తీగలుంటాయి. అవి ఉన్నదే ఇందుకు. కలిపి, సెట్టింగుల్లో స్టీరింగు పేజీ తెరిచి, ఇక్కడ మీట నొక్కి పట్టుకుని అక్కడ దాని బొమ్మ ముట్టుకుంటే తెర నేర్చుకుంటుంది. మీటలన్నీ నేర్పడానికి ఒక టీ తాగేంత సేపు పడుతుంది. షాపులో మనకి టీ ఇస్తారు కూడా. టీ తాగి, తెర మీద జలపాతం చూసి, నేర్పించకుండానే వచ్చేస్తాం.

ఇంకొన్ని కార్లలో వ్యవహారం మరో రకం. బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపించిన క్యాన్ బస్ పద్ధతి వాటిలో ఉంటుంది. కారులోని చిన్న చిన్న కంప్యూటర్లన్నీ మెలివేసిన రెండు తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. తలుపు సరిగ్గా పడలేదని ఒకటంటుంది, రివర్సు గేరు పడిందని ఇంకొకటంటుంది, లైట్లు వెలిగాయని మరొకటి. బయటి నుంచి వచ్చిన తెరకి ఈ మాటలు అర్థం కావు. మధ్యలో ఒక దుబాసీ ఉండాలి. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా, షాపుల్లో దాన్ని క్యాన్ బాక్స్ అంటారు. ఏ కారుకి ఆ కారు డబ్బాయే వెయ్యాలి. అది సరిగ్గా పడితే స్టీరింగు మీటలు బతుకుతాయి, కంపెనీ కెమెరా బతుకుతుంది, తలుపు హెచ్చరిక బతుకుతుంది, ఏసీ ఎంతలో ఉందో తెర మీద కూడా కనిపిస్తుంది.

దాన్ని కొనమన్నప్పుడు చూడాలి మనవాళ్ల ముఖాలు. తెర ధర దగ్గర "ఓస్, అంతేనా" అన్న మనిషే డబ్బా దగ్గర కూరగాయల బజారుకొచ్చినట్టు నిలబడిపోతాడు. "అదేటి, ఆ డబ్బాకంతా? అందులో బొమ్మ కనపడతాదేటి?" కనపడదు. అదే దాని పాపం. బంధువులకి చూపించలేని వస్తువుకి మన ఇళ్లలో విలువ లేదు. డబ్బా మానేస్తాడు, మిగిలిన డబ్బుతో డోర్ల కింద నీలం లైట్లు వేయిస్తాడు.

డబ్బా పడని కారులో ఏమవుతుందో చూడండి. కొన్ని మోడళ్లలో వెనక్కి తీసేటప్పుడు వచ్చే కీచుమనే హెచ్చరిక పాత స్టీరియో ద్వారా స్పీకర్లలోంచి వచ్చేది. అది పోతుంది. గోడ ఉందని గోడే చెప్పాలి. లైట్లు వేసినప్పుడు తెర వెలుగు తగ్గించే తీగ, మామూలుగా నారింజ రంగులో ఉండేది, కలపకుండా టేపు చుట్టి లోపలికి తోసేస్తారు. రాత్రి గరివిడి నుంచి రాజాం వైపు వెళ్తుంటే చీకట్లో డ్రైవరు ముఖం మాత్రం వినాయకుడి పందిరిలో విగ్రహంలా వెలిగిపోతుంటుంది. మన రోడ్ల సంగతి తెలిసిందే. కోతలైతే సగం రోడ్డు కళ్లం. ధాన్యం ఎండబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు, పొద్దుపోయాక ఆ రాళ్లని తీసేవాడుండడు. దీపం లేని నాటుబండి ఒకటి, రోడ్డు తన పేర రిజిస్టరై ఉన్నట్టు పడుకున్న గేదె ఒకటి. వీటన్నిటినీ చూడాల్సిన కళ్లు పది అంగుళాల తెల్లటి వెలుగుకి అలవాటుపడి, బయటి చీకటికి గుడ్డివై ఉంటాయి.

పాత స్టీరియో గూడు కొలత 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు. డబుల్ డిన్ అంటారు. అందులో ఏడంగుళాల తెర ఒదుగుతుంది. మరి పదో పదమూడో ఎలా పడతాయి? ముందుకి పొడుచుకొస్తాయి. పైన ఏసీ గాలి వచ్చే సందులు మూసేస్తాయి, కింద నాబ్‌లకి చెయ్యి పోనివ్వవు. చాలా కార్లలో ఎర్ర త్రికోణం బటను స్టీరియో చుట్టుపక్కలే ఉంటుంది, నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించేది. అది ఫ్రేము వెనక్కి పోతుంది. రోడ్డు మధ్యలో బండి ఆగిపోయి వెనక లారీ వస్తున్న క్షణంలో మొత్తం కారులో మనకి కావాల్సింది ఆ ఒక్క బటనే. దాన్ని కప్పి తెర మీద ప్రకృతి దృశ్యం పెట్టుకున్నాం.

వైరింగు గురించి ఎక్కువ చెప్పను, చెబితే కోపమొస్తుంది. పసుపు తీగకి ఎప్పుడూ కరెంటుంటుంది, ఎరుపుకి తాళం తిప్పితేనే. రెండూ కలిపి మెలేసి టేపేసే మహానుభావులున్నారు. అప్పుడు తెర నిద్రపోదు, నాలుగు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ శాశ్వతంగా నిద్రపోతుంది. కప్లర్‌కి కప్లర్ తగిలిస్తే ఒక్క తీగా కొయ్యక్కర్లేదు, రేపు పాతది మళ్లీ పెట్టుకోవచ్చు, వారంటీ దగ్గర సర్వీసు సెంటరువాడికి సాకు దొరకదు. అయినా బ్లేడు చేతికందుబాటులో ఉంటుంది, కప్లర్ స్టాకులో ఉండదు.

చట్టం విషయంలో మనకీ కొంచెం హాస్యప్రియత్వం ఉంది. ఆరంగుళాల ఫోను చేతిలో పట్టుకుని బండి నడిపితే, 2019 సవరణ తర్వాత, మోటారు వాహనాల చట్టం 184 సెక్షను కింద ప్రమాదకరమైన డ్రైవింగు. అదే ఫోనుని పదంగుళాలు చేసి, డ్యాష్‌బోర్డుకి స్క్రూలేసి, అందులో సినిమా పెడితే మన లెక్కలో అది ఫీచరు. దానికి దండ వేసి కొబ్బరికాయ కొడతాం.

నాబ్ అంటే పాతకాలపుదని మనవాళ్ల అభిప్రాయం. విజయనగరం జిల్లావాళ్లు ఈ మాట అనడం మరీ చిత్రం. 1919లో మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, వయొలిన్ చెప్పడానికి వచ్చినాయన ద్వారం వెంకటస్వామినాయుడుగారు. తర్వాత 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు. నాయుడుగారికి చూపు తక్కువ. వయొలిన్‌కి వీణకున్నట్టు మెట్లుండవు. అయినా ఏ స్వరానికి వేలు ఎక్కడ ఆగాలో వేలికే తెలుసు, కంటిని అడగదు. ఆ వయొలిన్ పలక కూడా తెరలాగే నున్నగా ఉంటుంది కదా అని తెలివైనవాడెవడైనా వాదించవచ్చు. ఉంటుంది. కానీ రాత్రికి రాత్రి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి గాంధారం ఉన్నచోట పంచమం పెట్టి పోదు. నాలుగు తీగలూ నిన్న ఉన్నచోటే ఇవాళా ఉంటాయి. ఏసీ నాబ్ కూడా అంతే, కొన్నప్పుడు ఎక్కడుందో స్క్రాపుకి ఇచ్చే రోజున కూడా అక్కడే ఉంటుంది. పక్క సీట్లో మనవరాలు నిద్రపోతుంటే, కళ్లు రోడ్డు మీదే ఉంచి, చెయ్యి చాచి రెండు టిక్కులు తగ్గిస్తాం. టిక్కు వేలికి తెలుస్తుంది. తెర మీద అదే పని చెయ్యాలంటే కిందికి చూడాలి, బొమ్మ వెతకాలి, గతుకులో వేలు జారి పక్క బొమ్మ మీద పడకుండా చూసుకోవాలి. ఏప్రిల్ ఎండలో చెమట వేలయితే అది ముట్టుకున్నట్టు తెర ఒప్పుకోదు కూడా.

గరివిడివాళ్లు ఇంకా బాగా తెలిసినవాళ్లు. ఇది మాంగనీసు ఊరు. 1950ల్లో ఫేకర్ కంపెనీ వచ్చి ఫెర్రో మాంగనీసు తీయడం మొదలెట్టాక ఇక్కడ ఫర్నేసు అంటే ఏమిటో పిల్లలకి కూడా తెలుసు. అలాంటి చోట ఎమర్జెన్సీ స్టాపు ఎలా ఉంటుంది? పుట్టగొడుగులా బయటికి పొడుచుకొచ్చిన ఎర్ర బటను. చేతికి గ్లౌజున్నా, కళ్లలో పొగున్నా అరచేత్తో ఒక్క గుద్దు గుద్దితే చాలు. దాన్ని తెర మీద మెనూలో మూడో పేజీలో పెడదామని ఏ ఇంజనీరుకీ తోచలేదు, తోచి ఉంటే ఆ పూటే ఇంటికి పంపేవాళ్లు. మాంగనీసు కలపకుండా ఉక్కు లేదు, ఉక్కు లేకుండా కారు లేదు. అంటే కారు ఒంట్లో ఎక్కడో మన ఊరి మట్టి ఉండొచ్చు. తెరలో మనది వేలిముద్ర తప్ప ఇంకేమీ లేదు.

"మరి పెద్ద పెద్ద కంపెనీలే బటన్లు తీసేస్తున్నాయి కదండీ, వాళ్లకి తెలీదా?" అని అడిగేవాళ్లుంటారు. తెలుసు. ఒక్కో బటనుకీ అచ్చు చెయ్యాలి, స్ప్రింగు పెట్టాలి, తీగ లాగాలి, లక్షసార్లు నొక్కి పరీక్షించాలి. తెరైతే ఒక అద్దం కొని బొమ్మలు గియ్యడమే, అన్ని మోడళ్లకీ అదే అద్దం. మిగిలేది వాళ్లకి, పేరు మాత్రం "ప్రీమియం". పైగా వాళ్లు ఈ తప్పు ఇప్పుడు కొత్తగా చెయ్యడం లేదు. మనం అంబాసిడర్ కిటికీ అద్దాన్ని చేత్తో తిప్పుకునే రోజుల్లోనే, 1986లో, అమెరికాలో బ్యూక్ రివియేరా కారులో రేడియోనీ ఏసీనీ ముట్టుకునే టీవీ తెరలోకి ఎక్కించారు. కొన్నవాళ్లు తిట్టిపోశారు. 1990 మోడల్‌కల్లా తెర పోయి బటన్లు వెనక్కొచ్చాయి. పాఠం నేర్చుకున్నవాళ్లు రిటైరయ్యాక కంపెనీ మళ్లీ మొదటికొస్తుంది కాబోలు.

స్వీడన్‌లో వీ బీలేగారే అనే కార్ల పత్రిక 2022లో ఒక పరీక్ష పెట్టింది. గంటకి 110 కిలోమీటర్ల వేగంతో పోతూ ఏసీ, రేడియో వగైరా నాలుగు పనులు చెయ్యాలి. ముందుగా కారుతో అలవాటుపడటానికి సమయం కూడా ఇచ్చారు. బటన్లున్న 2005 నాటి ముసలి వోల్వోలో పది సెకన్లు పట్టింది, ఈలోగా బండి 306 మీటర్లు పోయింది. తెరలున్న కొత్త కార్లలో అన్నిటికన్నా వెనకబడినదానికి దాదాపు 45 సెకన్లు, 1,372 మీటర్లు. మన రోడ్డు మీద అరవైలో పోయినా 45 సెకన్లంటే ముప్పావు కిలోమీటరు. ఆ ముప్పావు కిలోమీటరులో ఒక బడి, ఒక కిళ్లీ కొట్టు, ఒక బస్టాపు, రెండు స్పీడు బ్రేకర్లు ఎక్కడైనా ఉంటాయి.

కార్లు సరే, యుద్ధనౌక సంగతి వినండి. 2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర అమెరికా నౌక జాన్ ఎస్. మెక్‌కెయిన్ ఒక ట్యాంకరుని గుద్దుకుంది. పదిమంది నావికులు పోయారు. స్టీరింగు అదుపు ఒక తెర నుంచి ఇంకో తెరకి మారిపోతే, ఎక్కడికి మారిందో తెలియక, స్టీరింగే పాడైందనుకున్నారు అక్కడున్నవాళ్లు. నౌక వేగాన్ని నడిపే మీటలు కూడా తెర మీదివే. విచారణలు ముగిశాక 2019లో అమెరికా నౌకాదళం ఆ తరహా ఓడల్లో చేత్తో పట్టుకుని తోసే మీటలే మళ్లీ పెడతామంది. అక్కడ ట్రైనింగ్ పొందిన నావికులకే తెర అంతుబట్టలేదు. ఇక్కడ మనవాడు పెళ్లి భోజనం చేసి, వక్కపొడి నములుతూ, వెనక సీటు గోలలో అదే పని చేస్తానంటాడు.

ఐరోపాలో కార్ల భద్రతకి నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి లెక్క మార్చింది. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారను, వైపర్లు, ఆపదలో పిలిచే ఎస్ఓఎస్, వీటికి విడిగా చేతికందే మీటలు లేకపోతే పూర్తి మార్కులు రావు. ఫోక్స్‌వ్యాగన్ డిజైను పెద్ద 2025లో చెంపలేసుకున్నంత పని చేసి, సౌండు, ఫ్యాను, హజార్డు, కారు రెండు వైపుల వేడికీ బటన్లు తిరిగొస్తాయని ప్రకటించాడు. జర్మనీవాళ్లు తీసేసినవాటిని వెతికి మళ్లీ పెట్టుకుంటున్నారు. మనం ఉన్నవాటిని డబ్బిచ్చి పీకించుకుంటున్నాం.

కంపెనీలు చేసే ఇంకో ఘనకార్యం ఉంది, అది మనల్ని షాపుకి తరిమేది. తక్కువ ధర వేరియంట్ కొంటే డ్యాష్‌బోర్డు మీద బటను ఉండాల్సిన చోట ఒక ఖాళీ ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. నొక్కితే ఏమీ కాదు. పై వేరియంట్ కొనలేకపోయావని రోజూ గుర్తు చెయ్యడం తప్ప దానికి వేరే ఉద్యోగం లేదు. స్టీరింగు మీద కూడా అలాంటి మూతలే. ఆ అవమానం దిగమింగలేక మనిషి తెర కోసం పరిగెడతాడు. ఆ కోపం న్యాయమైనదే. తీర్చుకునే పద్ధతే తప్పు. ఖాళీ బిళ్లకి జవాబుగా పనిచేసే బటన్లని చంపేస్తున్నాడు.

జాగ్రత్తగా చేసే మెకానిక్కులు లేరనుకోకండి. ఫ్రేము కారు మోడల్ చూసి తెప్పిస్తారు, ఎర్ర త్రికోణం బయటే ఉంచుతారు, డబ్బా సరైనదేనా అని రెండుసార్లు చూస్తారు, స్టీరింగు మీటలు ఒక్కోటీ నొక్కించి, రివర్సు వేయించి, లైట్లు వేయించి, అప్పుడు డ్యాష్‌బోర్డు మూస్తారు. పని ఒక పూట పడుతుంది. అలాంటివాళ్ల షాపులో రద్దీ ఉండదు. పక్కవాడు గంటలో ముగ్గురిని పంపిస్తాడు, పైగా స్క్రీన్ గార్డు ఉచితం.

ఈ వేగంతో పోతే ఇంకో పదేళ్లకి ఏం జరుగుతుందో నాకు తెలుసు. బటన్లున్న కొత్త కార్లు విదేశాల నుంచి దిగుతాయి. సినిమా హీరో ఒకాయన ప్రకటనలో నాబ్ తిప్పుతాడు. అదే షాపులో, అదే గోడకి, జలపాతాలు పోయి నాబ్‌లు వేలాడతాయి. కుర్రాడు అప్పటికి ఓనరై ఉంటాడు. "మావయ్యా, ఇది నాబ్. ఇంపోర్టెడ్. తిప్పితే టిక్కుమంటాది, సూడక్కర్లేదు. మీ ఏసీకి పెట్టేస్తాను. సౌండుకి ఇంకోటి కలిపి తీసుకుంటే డిస్కౌంటిస్తాం, ఫిటింగు చార్జీ మాత్రం వేరే." మావయ్య రెండూ పెట్టించుకుంటాడు. ఇంటికొచ్చి ఎదురింటాయన్ని పిలిచి తిప్పి చూపిస్తాడు. తెర కింద పాత ఏసీ నాబూ, అటక మీద ప్లాస్టిక్ సంచిలో పాత స్టీరియో నాబూ ఇంకా బాగానే పనిచేస్తుంటాయి.